ఎవరూ అడగని భాష

శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా నేనొక భాషని ఎంచుకోవాలి. వంకాయలు ఎంచడం నాకు వచ్చు, చెప్పులు ఎంచడం వచ్చు, మొగుణ్ణి ఎంచుకోవడం మాత్రం చేతకాక ఊరుకున్నాను. భాష సంగతి అలా కాదు. ఇప్పటికి మూడు పరాయి భాషలు నేర్చుకున్నాను. మూడూ అవసరం వచ్చి మీద పడితే నేర్చుకున్నవే. నాలుగోదాన్ని నా అంతట నేను ఎంచుకోవాలట. నా ఉద్యోగం ఇంకా రెండేళ్ళే ఉంది కాబట్టి భాష నేర్చుకోవడానికి ఆఫీసు ఫీజు కట్టేది ఇదే ఆఖరుసారి.

నేను పనిచేసేది పెద్ద రైల్వేస్టేషన్లో, పోయిన వస్తువుల గదిలో. బండ్లలో జనం మరిచిపోయినవన్నీ మా దగ్గరికే వస్తాయి. గొడుగులు, ఒంటి గ్లౌజులు, కళ్ళజోళ్ళు, పళ్ళసెట్లు, ఒకసారి చెక్కకాలు. చెక్కకాలు మరిచిపోయి ఆ మనిషి ఎలా దిగి వెళ్ళాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ప్రతిదానికీ అట్టముక్క కట్టి ఏ బండో, ఏ రోజో రాస్తాను. అడగడానికి వచ్చినవాళ్ళని ముందు గుర్తు చెప్పమంటాను. పైకి కనిపించే గుర్తు పనికిరాదు. గొడుగు నల్లగా ఉంటుందంటే ఇవ్వను. లోపలి ఊచకి ఎర్రదారం చుట్టి ఉంటుందంటే అప్పుడు, "గుర్తు సరిపోయింది, తీసుకెళ్ళండి" అంటాను. ఇరవై రెండేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.

గది ముందు పెద్ద అద్దం ఉంది. దాని మీద బయటివాళ్ళ కోసం 'పోయిన వస్తువులు' అని తెల్లరంగుతో రాశారు. లోపల కూర్చున్న మాకు అది వెనకనుంచి, 'లువుస్తువ నయిపో' అని కనిపిస్తుంది. అందుకని మాలో మాకు ఆ గది పేరు నయిపో. "ఆ పెట్టె నయిపోలో పడెయ్యండి" అంటాం. కొత్తగా చేరినవాళ్ళు అదేదో ఇంగ్లీషు మాట అనుకుంటారు. మేమూ చెప్పం.

రికార్డుల్లో నా పేరు వేరే ఉంది గానీ ఇంట్లోనూ ఆఫీసులోనూ నేను జిబునే. మా సూపర్‌వైజరు నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు, అతనికి జిబు మేడమ్‌ని. ఆ మాటకి అర్థమేమిటని చిన్నప్పుడు అమ్మని అడిగితే, "అర్థం లేకపోతే నిద్ర పట్టదా?" అంది. భాష నేర్చుకున్నప్పుడల్లా ముందుగా దాని నిఘంటువులో జిబు కోసం వెతికేదాన్ని. ఒకదాన్లో మాత్రం దగ్గరగా ఒక మాట దొరికింది. గుర్రపు జీను అట. ఆ తరువాత వెతకడం మానేశాను.

మొదటి భాష గొంతులోంచి వచ్చేది. ఒక ముసలావిడ మొగుడి చేతికర్ర పోగొట్టుకుని గంటసేపు ఏడిస్తే ఒక్క ముక్క అర్థం కాక సిగ్గుపడి నేర్చుకున్నాను. రెండోది సగం ముక్కులోంచి పలికేది. దాంట్లో లెక్కపెడుతూ ఉంటే నాకు వెంటనే నిద్ర వచ్చేది. మూడోదాన్లో ఏ మాట అన్నా చివర కాస్త పాడినట్టుంటుంది. తిట్టినా లాలిపాటే. ఒక్కొక్క భాషలోకి వెళ్తే ఒక్కొక్క గదిలోకి వెళ్ళినట్టు ఉండేది. వెలుతురు వేరు, కుర్చీలు వేరు, నేను కూడా కొంచెం వేరు. ఇదంతా ఎవరితోనైనా అంటే నవ్వుతారు. మా నాన్న మాత్రం నవ్వేవాడు కాదు, ఇంకా చెప్పమనేవాడు.

మా నాన్న కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసలుగా పేర్చి అచ్చుకి పంపే పని. ప్రెస్సులో నలభై ఏళ్ళు చేశాడు. ఇంటికొచ్చాక నోరు మూతపడేది కాదు. తిండి దగ్గర కబుర్లు, మెట్ల మీద కబుర్లు, స్నానాల గదిలోంచి కేకలేసి మరీ కబుర్లు. ఏడు నెలల కిందట అమ్మ పోయింది. ఆ మర్నాటి నుంచి నాన్న మాట్లాడ్డం మానేశాడు. అడిగితే తల ఊపుతాడు, లేకపోతే చెయ్యి ఊపుతాడు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, "గొంతు నిక్షేపంగా ఉందమ్మా, మాట్లాడాలనిపించాలి, అంతే" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఆయనకి డిగ్రీ ఎందుకో నాకు తెలీదు. నాన్న తిండీ తగ్గించేశాడు. చొక్కా వదులైపోయింది. నాకు భయమేసింది. ఈ ఇంట్లో ఆ గొంతు ఇంక వినననే భయం.

కానీ విన్నాను.

నాది పొద్దుటి డ్యూటీ, రెండింటికల్లా ఇల్లు చేరతాను. అప్పటికి నాన్న వాలుకుర్చీలో కిటికీ పక్కన నిద్రపోతూ ఉంటాడు. మాది మూడో అంతస్తు. కింద వీధి చప్పుళ్ళు పైకి వచ్చేసరికి నీళ్ళలోంచి విన్నట్టు మెత్తబడిపోతాయి. పరదా మీద ఎండ కదులుతూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం నేను చెప్పులు విప్పుతుండగా వెనకనుంచి, "మేయే" అని వినిపించింది. నాన్న గొంతు! ఏడు నెలల తరువాత! చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు. మొహం నిండా నవ్వు. "మేయే, కీటికి వురుతె. లిగా నీరా" అన్నాడు. కాసేపాగి, "మడమ పానొ?" అని జాలిగా అడిగాడు. తరువాత మళ్ళీ గురక.

నాకు మూడు భాషలు వచ్చు. అది మూడింట్లో ఏదీ కాదు.

ఆ రోజునుంచి రోజూ వినేదాన్ని. లేచాక ఎంత బతిమాలినా ఒక్క మాట లేదు, నిద్రలో మాత్రం ఏరులా పారేది. నేను వినికిడి మీద బతికే మనిషిని, అట్టముక్కల మీద రాసుకున్నాను. పెళ్ళికి ముందు నాన్న ఓడరేవు దగ్గర ఒక ప్రెస్సులో పనిచేశాడని తెలుసు. అక్కడ దేశదేశాల కాగితాలు అచ్చయ్యేవట. అక్కడే అంటించుకుని ఉంటాడు. చిత్రమేమిటంటే ఆ భాషలో మన మాటలు కొన్ని ఉన్నాయి. మడమ ఉంది. "పులుపు దులే" అన్నాడొకసారి, కాబట్టి పులుపు ఉంది. కిటికీ కూడా ఉంది గానీ కీటికి అంటాడు. అరువు తీసుకున్న మాటని వాళ్ళు ఆ మాత్రం వంకర తిప్పకుండా వాడతారా అనుకున్నాను. మడమలూ, పులుపూ, కిటికీలూ మన దగ్గర అరువు తెచ్చుకున్నారంటే పాపం వాళ్ళు ఎలాంటి దేశంలో ఉంటారో అని కుర్చీలో కూర్చుని ఊహించుకునేదాన్ని. గోడలన్నీ తెల్లగా, అందరూ చెప్పుల్లేకుండా నడుస్తూ.

ఒక్క మాట మాత్రం నన్ను పొడిచేది. మేయే. అది ఎవరినో పిలవడం. అంత ముద్దుగా, అంత చనువుగా పిలిచాడంటే అది ఆడమనిషి పేరే అయ్యుండాలి. అమ్మ పోయి ఏడాదైనా కాలేదు, ఈయన కలలో ఓడరేవు మేయేతో కబుర్లాడుతున్నాడు! ఒళ్ళు మండింది. ఆ పూట కాఫీ కప్పు నాన్న ముందు ఠపీమని పెట్టాను. ఆయన ఒలికిన కాఫీని రుమాలుతో తుడుచుకుని నావైపు అమాయకంగా చూశాడు. మళ్ళీ నాకే ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు ఫారం తెచ్చి బల్లమీద పెట్టాడు. దాంట్లో పదకొండు భాషలు. "ఏడో నంబరు తీసుకోండి మేడమ్, ఆ టూరిస్టులు ఎక్కువ వస్తున్నారు" అన్నాడు. నాకు కావలసింది ఏడు కాదు, నాన్నది. ఆ భాష నేర్చుకుంటే, నిద్రలోనైనా సరే, ఆయన ఏమంటున్నాడో తెలుస్తుంది. ఎవరికి తెలుసు, మెలకువలో ఆ భాషలో పలకరిస్తే పలుకుతాడేమో. అదే నా ఆశ. కాకపోతే అది ఏ భాష?

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పోయిన వస్తువు చేతిలో ఉంది, సొంతదారుని వెతకాలి. కౌంటరు దగ్గరికి పరాయి దేశంవాళ్ళు ఎవరొచ్చినా, వాళ్ళ సామాను వాళ్ళకిచ్చేశాక అట్టముక్క తీసి చదివి వినిపించేదాన్ని. కత్తుల పెట్టె కోసం వచ్చిన ఓడ వంటవాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "మాది కాదు. మాకు తూర్పున ఒక దీవి ఉంది, వాళ్ళదేమో. వాళ్ళు ఇలాగే గొణుగుతారు" అన్నాడు. ఆ దీవివాడే మర్నాడు టోపీ కోసం వస్తే, మాది కాదు పడమటివాళ్ళది అన్నాడు. వయొలిన్ పంతులమ్మ ఒకావిడ పానొ అంటే పియానోయే, సందేహం లేదంది. మడమతో పియానో ఎలా వాయిస్తారని అడిగితే కోపమొచ్చి వెళ్ళిపోయింది. తెల్లజుట్టు ప్రొఫెసరు ఒకాయన మాత్రం కళ్ళు మూసుకుని రెండుసార్లు చదివించుకున్నాడు.

"చాలా బాగుంది. ఎవరిది?" అన్నాడు.

"మా నాన్నదండీ."

"అయితే ఆయన్నే అడగకపోయారా?"

అంత తెలివి ఉంటే నేనూ ప్రొఫెసర్నే అయ్యేదాన్ని.

గురువారం వచ్చేసింది. పన్నెండు దాటింది, కౌంటరు దగ్గర ఎవరూ లేరు. ముందు ఫారం, పక్కన అట్టముక్కలు. ఎండ అద్దంలోంచి పడి, అక్షరాల నీడలు నేల మీద సాగుతూ ఉన్నాయి. అరల్లో గొడుగులన్నీ నిద్రపోతున్నట్టున్నాయి. నాకూ కళ్ళు బరువెక్కాయి. అద్దం వంక చూస్తూ ఊరికే పైకి చదువుకున్నాను. లువుస్తువ నయిపో. లువుస్తువ నయిపో. ఎక్కడో విన్నట్టుంది ఈ రాగం. లువుస్తువ. వురుతె. లిగా. నయిపో.

నయిపో అంటే పోయిన.

లిగా అంటే?

నిద్ర ఎగిరిపోయింది. అట్టముక్క తిరగేసి వెనక రాశాను. లిగా, గాలి. నీరా, రానీ. వురుతె, తెరువు. కీటికి అనేది యాసా కాదు, అరువూ కాదు, నా బొంద! కిటికీలో చివరనున్న దీర్ఘం తిరగబడి ముందుకొచ్చింది. మడమని ఎటు తిప్పినా మడమే, పులుపుని ఎటు తిప్పినా పులుపే. అందుకే అవి మన మాటల్లా దొరికిపోయాయి. దులే అంటే లేదు. పానొ దగ్గర కొంచెం తట్టుకున్నాను గానీ, అమ్మకి మడమ నొప్పి ఉండేది, చెప్పులో గుడ్డ మడిచి పెట్టుకునేది. అది గుర్తొచ్చాక ఇంకేం కావాలి, నొప్పా అని అడుగుతున్నాడు. ఆఖరున మేయే మిగిలింది. దాన్ని తిప్పాను.

ఏమే.

యాభై ఎనిమిదేళ్ళూ నాన్న అమ్మని పిలిచిన పిలుపు. పాపిష్టిదాన్ని, దానికి ఓడరేవు ఆడమనిషిని అంటగట్టాను.

వెంటనే అత్తయ్యకి ఫోన్ చేశాను. నాన్న చెల్లెలు, ఎనభై దాటినా గొంతు కంచు.

"ఏమిటే జిబూ, ఆఫీసులోంచా? మీ నాన్నకేమైనా..."

"నాన్న బాగానే ఉన్నాడు అత్తయ్యా. మేయే అంటే ఏమిటి?"

అవతల పకపకా నవ్వు, ఆ నవ్వులోంచి దగ్గు.

"ఓసి నీ దుంపతెగ! ఆ మాట విని ఎన్నేళ్ళయిందే! మాది రెండు గదుల ఇల్లు, మేం తొమ్మిదిమందిమి. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి గుసగుసలాడుకోవడానికి మూల ఎక్కడిది చెప్పు? ప్రెస్సులో సీసం అక్షరాలన్నీ తిరగబడే ఉంటాయి కదా, మీ నాన్న రోజంతా తిరగేసి చదివే మనిషి. మీ అమ్మకి మాటలు తిరగేసి నేర్పాడు. అందరి మధ్యా కూర్చుని అన్నం తింటూ కావలసినవన్నీ చెప్పేసుకునేవాళ్ళు. మా అమ్మయితే కోడలికి మతి చలించిందనుకుంది."

"మరి నేనెప్పుడూ వినలేదే?"

"నీకోసమే మానేశారే పిచ్చిమొహమా. నీకు మాటలొచ్చే వయసొచ్చింది. పిల్ల ఈ తిరగమాటలు పట్టుకుంటే బళ్ళో అందరూ నవ్వుతారు, తిన్నగా మాట్లాడ్డం నేర్చుకోవాలి అని మీ అమ్మ ఒట్టేయించుకుంది. ఆ తరువాత ఒక్క మాట వింటే ఒట్టు." నాన్న నిద్రమాటల్ని కౌంటరు దగ్గర అందరికీ చదివి వినిపించిన సంగతి చెప్పేసరికి అత్తయ్య గొంతు మారింది. "అయితే నువ్వు ఊళ్ళో వాళ్ళందరినీ అడిగావన్నమాట. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ సంబడం."

ఫోన్ పెట్టేసి అట్టముక్కలన్నీ సంచిలో వేసుకున్నాను. వాళ్ళకంటూ ఉన్న ఒక్క గదిని నాకోసం తాళం వేసేశారు. నేనేమో పరాయి గదులన్నీ తిరుగుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి బయల్దేరేముందు ఫారం నింపి ఇచ్చాను. ఏ భాష అన్నచోట 'లిస్టులో లేదు' అని రాశాను.

"లిస్టులో లేనిదానికి ఫీజు ఎలా కట్టేది మేడమ్?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఫీజు లేదు బాబూ. మాస్టారు మా ఇంట్లోనే ఉన్నారు. చెప్పడానికి ఒప్పుకుంటారో లేదో అదే తెలీదు."

బస్సులో దారిపొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్క సీటావిడ జపం అనుకుందో ఏమో, కొంచెం జరిగి చోటిచ్చింది.

ఇంట్లోకి వెళ్ళేసరికి నాన్న నిద్రలో ఉన్నాడు. పక్కన మోడా వేసుకుని కూర్చున్నాను. పరదా నిండా ఎండ. కాసేపటికి ఆ నవ్వు వచ్చింది. "మేయే, కీటికి వురుతె. లిగా నీరా." ఇప్పుడు ప్రతి అక్షరం అర్థమైంది. ఏమే, కిటికీ తెరువు, గాలి రానీ. ఇంతేనా? ఇంతే. దీనికోసం దేశదేశాలు వెతికాను. కళ్ళు తుడుచుకున్నాను. లేచి కిటికీ తెరిచి అమ్మలాగా జవాబు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన ఎంత సంతోషించేవాడో! కానీ నేను ఇరవై రెండేళ్ళుగా ఒకరి వస్తువు ఇంకొకరికి ఇవ్వలేదు. ఆ జవాబు అమ్మది. నోరు మూసుకుని ఆయన లేచేదాకా కాచుకున్నాను.

నాలుగు కావస్తుండగా కళ్ళు తెరిచాడు. నన్ను చూసి అలవాటుగా తల ఊపాడు. పరీక్షల్లో కూడా నేనంత భయపడలేదు.

"న్నానా," అన్నాను, నాలుక తొట్రుపడుతూ. "కీటికి నావరతె?"

నాన్న కదల్లేదు. నావైపే చూశాడు. కింద వీధిలో ఎవరో షట్టరు దించిన చప్పుడు వచ్చి ఆగిపోయింది. తప్పు చేశానేమో, మూసిన తలుపు బద్దలుకొట్టానేమో అని లేవబోయాను.

"న్నా కాదు," అన్నాడు నాన్న.

గొంతు తుప్పుపట్టిపోయి ఉంది. దగ్గి సవరించుకున్నాడు.

"ఒత్తుతో మాట మొదలవదు. ముందుకొస్తే నిలబడదు, రాలిపోతుంది. నానా అనాలి."

ఏడు నెలల తరువాత మా నాన్న నాతో అన్న మొదటి మాట నా తప్పు దిద్దడం. అంత సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

"నానా," అన్నాను. "కీటికి నావరతె?"

"వురుతె."

లేచి తెరిచాను. గాలి వచ్చింది. పరదా ఎగిరి ఆయన మోకాళ్ళ మీద పడింది, తీసేసుకోలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నువ్వే. నిద్రలో."

సిగ్గుపడ్డాడు. పరదా అంచు వేళ్ళతో నలుపుతూ, "మెలకువలో ఏం మాట్లాడినా ఆవిడ బదులు చెప్పదు జిబూ. ఇంకెందుకులే అని మానేశాను" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "నాకు నేర్పు నాన్నా. నాలుగో భాష ఇదే తీసుకుంటాను."

"ఇది మా ఇద్దరిదీనూ."

"ఒకరు లేరు కదా నాన్నా. నువ్వొక్కడివే ఎవరితో మాట్లాడతావు?"

ఆయన కంటి చివర ఆ పాత కొంటెతనం మెరిసింది. "నువ్వు గుర్తు చెప్పందే ఎవరికీ ఏదీ ఇవ్వవు కదా. నేను మాత్రం ఎలా ఇస్తాను? నీదేనని గుర్తు చెప్పు."

నా దగ్గర గుర్తేముంది.

"ఒట్టేసుకున్న రోజు మీ అమ్మ ఒక్క మాట మాత్రం ఉంచుకుంటానంది. అన్నీ వదిలేస్తాను, అదొక్కటీ వదలనంది. అప్పట్నించీ అది ఇంట్లో అందరి నోట్లోనూ ఉంది, ఎవరికీ తెలీదు. వెతుక్కో. ఒత్తు సంగతి మరిచిపోకు."

ఏ మాట? వంటింటి మాటలన్నీ తిప్పి చూశాను. గిన్నెలు, అరలు, తలుపులు. ఏదీ తిరగబడి లేదు.

"జిబూ," అన్నాడు నాన్న మెల్లగా, "ఎక్కడెక్కడో వెతుకుతావేం?"

అక్కడే ఆగిపోయాను. జి. బు. అటుదిటు మార్చాను. ఒత్తు ఒకటి రాలిపోయి ఉండాలి. యాభై ఆరేళ్ళ కిందట రాలిపోయినదాన్ని తీసుకొచ్చి దాని చోట పెట్టాను.

"బుజ్జి," అన్నాను.

నాన్న తల ఊపాడు.

"గుర్తు సరిపోయింది," అన్నాడు. "తీసుకెళ్ళు."